నిట్టూర్చిన డ్రమ్ము

మనిషిని చంపడానికి ఎంత వేడి కావాలి?

కొలిమి, సలసల కాగే నూనె, ఎర్రగా కాలిన ఇనుము అంటూ మీ మనసులో మెదిలిన జవాబులన్నీ పక్కన పెట్టండి. ముప్పై అయిదు డిగ్రీలు చాలు. జ్వరం లేని మీ ఒంటి వేడి అంతకంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఆ మాత్రం వేడికే మరిగి, ఆవిరై, గాలికంటే బరువుగా నేల మీద పాకుతూ నిప్పు వెతుక్కునే ద్రవం ఒకటుంది. దాని పేరు ఈథర్. ఒక మధ్యాహ్నం అది ఒక మనిషి ప్రాణం తీసింది. అదే మధ్యాహ్నం ఇంకొక మనిషి పళ్ళు మూడు రాలిపోయాయి. ఆ పళ్ళు రాలగొట్టినవాడి కథ ఇది.

ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ ఆవిరి మేస్త్రి అంటారు. మందుల కంపెనీలు ఒకసారి వాడి పంపేసిన ద్రావకాలను మళ్ళీ పనికొచ్చేలా శుభ్రం చేసే షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా ఆయనదే పెత్తనం. కలగాపులగంగా వచ్చిన ద్రవాన్ని పెద్ద ఉక్కు కుండలోకి ఎక్కిస్తారు. కుండ చుట్టూ ఆవిరి పంపి కాస్తారు. ఏ ద్రవం ఏ వేడికి మరుగుతుందో ఆ వేడికే ఆవిరై పైకెక్కి, గొట్టంలో చల్లబడి, మరో డ్రమ్ములో పడుతుంది. చూస్తే ఇంతే పని. కానీ ఏది ఎప్పుడు లేస్తుందో తెలియనివాడు ఆ కుండ దగ్గర నిలబడటం, నిద్రపోతున్న ఎద్దు కొమ్ముల మధ్య కూర్చోవడంతో సమానం.

మేస్త్రికి ఒక అలవాటుండేది. కొత్త డ్రమ్ము బిరడా విప్పగానే గాజు కడ్డీ ముంచి, ఒక చుక్క ఎడమచేతి వెనుక వేసుకుని, పెదవులు కదలకుండా పది దాకా లెక్కపెట్టేవాడు. మూడు అనేలోపే చుక్క ఎగిరిపోయి, మంచుగడ్డ ఆనించినట్టు చర్మం జివ్వుమంటే ఈథర్. పది దాటినా జిడ్డులా కూర్చుంటే బ్యుటనాల్. ఆ చేతి తోలు ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉండేది. "ఆ చేత్తో నన్ను తట్టకు బాబూ, గీసుకుపోతోంది" అనేది భార్య. కానీ ఇరవై రెండేళ్ళలో ఆ తోలు ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

చెప్పినదానికి కారణం మాత్రం ఆయనకు చాలాకాలం తెలియదు. తెలియజెప్పింది ల్యాబ్ మేడం. ఒక రోజు అన్నాలవేళ ఆమె స్టోర్లోంచి కొక్కేలున్న గొలుసు ముక్కలు పట్టుకొచ్చి మేస్త్రి ముందు పరిచింది. పక్కనే మేస్త్రి బావమరిది అన్నం డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు. అక్క పెళ్ళినాటికి పసివాడు. ఆమె చేతి ముద్దలు తిని పెరిగి, పెద్దయ్యాక బావ వెనకే ఫ్యాక్టరీలో చేరి, ఆయన కుడిభుజమైనవాడు.

"ఈ గొలుసు బ్యుటనాల్ అనుకోండి. నాలుగు కార్బన్లు వరుసగా ఉంటాయి. చివర ఆక్సిజన్, దానికి అంటుకుని ఒక హైడ్రోజన్. అదే ఈ కొక్కెం" అంది ఆమె. "ఆ హైడ్రోజన్ ఊరికే ఉండదు. పక్క గొలుసులో ఉన్న ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. అది ఇంకోదాన్ని. ఇలా చేతులు కలిపిన గుంపుని విడదీస్తేగానీ ఆవిరి కాదు. అందుకే నూట పదిహేడు డిగ్రీలు దాటాలి."

"మరి ఈథరో?" అన్నాడు మేస్త్రి.

"అవే నాలుగు కార్బన్లు, అవే పది హైడ్రోజన్లు, అదే ఒక్క ఆక్సిజన్. తూకం వేస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. కానీ అందులో ఆక్సిజన్ మధ్యలో ఇరుక్కుంది. అటు రెండు కార్బన్లు, ఇటు రెండు. హైడ్రోజన్లన్నీ కార్బన్లకే అంటుకుపోయాయి. పక్కవాడికి అందించడానికి చెయ్యి లేదు. ఇక గుంపెక్కడిది? ముప్పై అయిదుకే ఎవరి దారి వాళ్ళది."

"అర్థమైంది మేడం" అన్నాడు బావమరిది నోట్లో ముద్దతోనే. "బ్యుటనాలంటే మా అక్క. పట్టుకుందంటే వదలదు. ఈథరంటే మా బావ. ఇంట్లో కాస్త వేడి పుట్టిందో, మనిషి మాయం."

"నీకు డబ్బా కట్టి పంపేదెవర్రా?"

"అక్కే. అందుకేగా అక్కని పొగిడాను!"

మేడం నవ్వు ఆపుకుని ఇంకో గొలుసుని ఉండలా చుట్టింది. "ఇదీ ఆల్కహాలే. దీనికీ కొక్కెం ఉంది. కానీ గుండ్రంగా ఉండ చుట్టుకుపోయింది కాబట్టి పక్కదాన్ని ఆనుకునే చోటు తక్కువ. ఎనభై రెండుకే మరిగిపోతుంది."

"ఇది మా మేనేజరుగారు" అన్నాడు బావమరిది, వెనక్కి తిరిగి చూసుకుని మరీ. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజునుంచి చేతిమీద చుక్క జివ్వుమన్నప్పుడల్లా, చెయ్యి అందించుకోలేని గుంపు చెదిరిపోవడం మేస్త్రి కళ్ళకు కట్టేది.

ఆ గుండ్రటి మేనేజరు ఒకే నెలలో మూడు ఆజ్ఞలు జారీ చేశాడు. చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు లేనిదే ఎవరూ డ్రమ్ము ముట్టరాదన్నది మొదటిది. ఒకే సరుకును ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తున్నందున ఇకపై లేబుళ్ళ మీద పేర్లుండవు, ఫార్ములా మాత్రమే ఉంటుందన్నది రెండోది. లేబులున్న డ్రమ్ములకు ల్యాబ్ పరీక్ష అక్కర్లేదన్నది మూడోది. విడివిడిగా చూస్తే మూడింటికీ సమర్థన దొరుకుతుంది. మొదటిది నిజంగా మంచిదే. మనిషి తోలు ప్రయోగశాల కాకూడదు. అయితే తోలును తప్పించిన చోట ప్రయోగశాలను నిలబెట్టాలి. ఆయన రెండింటినీ ఒకేసారి తప్పించాడు. మూడు ఆజ్ఞలూ కలిసినచోట, ఒక మనిషి పట్టేంత గొయ్యి ఏర్పడింది.

మొదటి రోజే మేస్త్రి అలవాటుకొద్దీ గ్లౌజు తీసి కడ్డీ ముంచాడు. మేనేజరు చూశాడు. షెడ్డులో పదిమంది ముందు ఆ ఎడమచెయ్యి ఒడిసి పట్టుకుని, మణికట్టు కలుక్కుమనేలా మెలితిప్పి, గ్లౌజు తీసి మొహాన కొట్టాడు.

"ఇంకోసారి ఈ చెయ్యి బయటపెడితే, ఈ చేత్తోనే గేటు బయట అడుక్కు తిందువుగాని. రూలంటే రూలే."

మేస్త్రి చెంపలు మండుతుండగా గ్లౌజు తొడుక్కున్నాడు. ఆ క్షణంనుంచి రూలును పంతంగా పాటించాడు. ఎవరేమడిగినా "రూలంటే రూలే" అనేవాడు. ఆ మాట ఎదుటివాడి మొహాన ఉమ్మినట్టుండేది. మేడం ఒకసారి చాటుగా "గ్లౌజు తీయకండి, కానీ ఒక సీసాలో పట్టి నాకు పంపండి, చూసి చెబుతాను" అంది. "పరీక్ష అక్కర్లేదట కదమ్మా. మనమెవరం?" అన్నాడు. అలా తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు మధ్యాహ్నం కుండలో సగం బ్యుటనాల్ ఉంది. వేడి నూరు డిగ్రీలు. ఇంకో రెండు డ్రమ్ములు కలపమని పైనుంచి మాట. నిజానికి కుండను చల్లార్చాకే మూత విప్పాలి. ఆ షెడ్డులో ఎవరూ, ఎన్నడూ చల్లార్చలేదు. నూటపదిహేడు దాకా లేవని ద్రవం నూటికి లేవదు గదా అన్న ధీమా. స్టోరునుంచి రెండు డ్రమ్ములు వచ్చాయి. రెండింటి మీదా ఒకటే లేబులు: సీ నాలుగు, హెచ్ పది, ఓ. మొదటిది బ్యుటనాలే. రెండోది కాదు. ఆ లేబుల్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఒక్క అబద్ధమూ ఆడకుండా మనిషిని చంపవచ్చని ఆ రోజు తేలింది.

మొదటి డ్రమ్ము కుండలోకి పోయింది. బావమరిది రెండోదాని బిరడా మీద స్పానర్ వేసి తిప్పాడు. బుస్సుమంది. అతను మాస్కు కాస్త పైకెత్తి బావవైపు తిరిగాడు.

"బావా, డ్రమ్ము నిట్టూరుస్తోంది. ఒక చుక్క చేతిమీద వేసి చూడవా?"

మేస్త్రి పంపు దగ్గర్నుంచి కదలలేదు. "ఎండలోంచి వచ్చింది, నిట్టూర్చదా మరి? రూలంటే రూలే. మూసుకుని పైకెక్కు."

బావమరిది భుజాలెగరేసి, పైపు చంకన పెట్టుకుని, నిచ్చెనెక్కి కుండ మూత దగ్గర నిలబడ్డాడు. మేస్త్రి పంపు తిప్పాడు.

ఒక లీటరు ఈథర్ ఆవిరైతే రెండువందల యాభై లీటర్లవుతుంది. నూరు డిగ్రీల కుండలో పడ్డాక అది ద్రవంగా ఉండనే ఉండదు. పంపు మూడో విసురుకే కుండ లోపల ఏదో గొంతు పెగిలినట్టు గుర్రుమంది. మరుక్షణం కాగుతున్న బ్యుటనాల్ మూతలోంచి స్తంభంలా పైకి చిమ్మింది. బావమరిది మొహం మీద, గుండె మీద, తెరిచిన నోట్లో పడింది. అతని అరుపు సగంలోనే తెగిపోయింది. పైపు పాములా కొట్టుకుంటూ అతన్ని కిందికి తోసింది. ఎనిమిది అడుగుల ఎత్తునుంచి సిమెంటు నేల మీద వెల్లకిలా పడ్డాడు. ఆ చప్పుడు మేస్త్రి చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

మేస్త్రి పరుగెత్తాడు. మోకాలి ఎత్తున తెల్లటి పొగమంచు లాంటిది నేల మీద పాకుతూ గోడవార ఉన్న మోటారువైపు పోవడం చూశాడు. చూసినా ఆగలేదు. కిందపడ్డవాడి చొక్కా కాలరు ఎడమచేత్తో అందుకున్నాడు. అప్పుడు మోటారు దగ్గర చిటుక్కుమంది.

గాలే మండింది. షెడ్డు అద్దాలన్నీ ఒక్కసారిగా బయటికి పగిలాయి. పేలుడు మేస్త్రిని తలుపులోంచి బయటికి విసిరేసింది. లేచి చూస్తే ఎడమచేతి గ్లౌజు కరిగి చర్మంలోకి దిగిపోయి ఉంది. ఆ వేళ్ళ మధ్య కాలరు ముక్క మాత్రం మిగిలింది.

స్టోరు గుమాస్తా తన గదిలోంచి కళ్ళజోడు సరిచేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఎవరో అరిచారు: "వీడే! వీడంటించిన లేబులే!" అంతే. ఇరవైమంది మీద పడ్డారు. అందరికంటే ముందు పడింది మేస్త్రి. గుమాస్తాను గోడకు నొక్కి కుడి పిడికిలితో నోటి మీద గుద్దాడు. కళ్ళజోడు పగిలింది. మళ్ళీ గుద్దాడు. దవడ ఎముక చిట్లడం పిడికిలికి తెలిసింది. తెలిసినా మళ్ళీ గుద్దాడు. గుమాస్తా నోట్లోంచి నెత్తురుతోపాటు ఒక మాట బయటికి రావాలని తన్నుకులాడింది. రానివ్వలేదు. కొడుతున్నంతసేపూ మేస్త్రి గొంతు చించుకుని అరిచింది ఒకటే: "చంపేశావు కదరా! చంపేశావు కదరా!" ఆ అరుపు ఎవరికోసమో ఆయన లోపల ఒక మూలకు అప్పుడే తెలుసు.

ఆసుపత్రిలో గ్లౌజును చర్మంతోపాటే ఒలిచారు. ఇరవై రెండేళ్ళు సాక్ష్యం చెప్పిన తోలు ఒక ట్రేలో పడి బయటికి పోయింది.

భార్య మంచం పక్కన కూర్చుంది. మొదటి రోజు ఏడవలేదు. "వాడు ఆఖరికి ఏమన్నాడు?" అని అడిగింది.

"ఏమీ అనలేదు. అంతా రెప్పపాటులో అయిపోయింది."

రెండో రోజూ అడిగింది. "నోరు మూసుకుని పనిచేసే పిల్లాడు కాదు వాడు. ఏదో ఒకటి అనే ఉంటాడు. గుర్తు చేసుకో."

"చెప్పాను కదే, ఏమీ అనలేదని!"

ఆమె ఆయన కళ్ళలోకి చూసి, లేచి వెళ్ళిపోయింది.

మేనేజరు ఆపిల్ పళ్ళతో వచ్చాడు. పళ్ళకింద టైపు చేసిన కాగితముంది. స్టోరు గుమాస్తా నిర్లక్ష్యంగా తప్పు లేబుల్ అంటించడమే ప్రమాదానికి ఏకైక కారణం అని అందులో ఉంది. "విచారణ అధికారి వచ్చే సోమవారం వస్తున్నాడు. సంతకం పెట్టు, చాలు. వాణ్ణి కొట్టిన గొడవ కూడా నేను చూసుకుంటాను. ఆవేశంలో ఎవరైనా కొడతారు" అన్నాడు. మెలితిప్పిన మణికట్టునే ఇప్పుడు కట్టు మీదినుంచి మెల్లగా నిమిరాడు.

గుమాస్తా మంచం అదే వార్డులో, ఎదుటి వరుసలో ఉంది. దవడకు తీగలు కట్టారు. మాట్లాడలేడు. అతని భార్య ఒక మందుల డబ్బా తెచ్చి మేస్త్రి దుప్పటి మీద గిలక్కొట్టి పెట్టింది. అందులో మూడు పళ్ళున్నాయి.

"లెక్క చూసుకో అన్నా. ఇంకా ఇరవై తొమ్మిదున్నాయి. ఎప్పుడొస్తావో చెబితే ఈయన్ని తయారుగా ఉంచుతాను."

ఆమె వెళ్ళాక, గుమాస్తా సెలైను స్టాండు పట్టుకుని మెల్లగా నడిచొచ్చాడు. దిండుకింద దాచుకున్న నోటుపుస్తకం తెరిచి రాశాడు: "పేర్లు కూడా వేద్దాం, కుర్రాళ్ళకు ఫార్ములాలు తెలియవు అని రెండుసార్లు రాసిచ్చాను. రూలంటే రూలే అన్నాడు మేనేజరు."

మేస్త్రి చదివి తల దించుకున్నాడు. గుమాస్తా మళ్ళీ రాశాడు: "నువ్వు చుక్క ఎందుకు వేసుకోలేదు?"

ఫ్యాక్టరీలో ఇంకెవరూ అడగని ప్రశ్న అది. మేస్త్రి "రూలు" అన్నాడు.

గుమాస్తా పెన్సిల్‌తో రెండే మాటలు రాసి, నోటుపుస్తకం ఆయన ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు.

"నాకూ రూలే."

ఆదివారం పొద్దున మేస్త్రిని ఇంటికి పంపారు. భార్య వంటగదిలో స్నానానికి నీళ్ళు కాస్తోంది. గిన్నె అడుగున బుడగలు లేస్తున్నాయి. ఆయన గుమ్మంలో నిలబడి వాటినే చూస్తూ అన్నాడు.

"డ్రమ్ము నిట్టూరుస్తోంది బావా, ఒక చుక్క చేతిమీద వేసి చూడవా, అన్నాడే."

ఆమె వెనక్కి తిరిగింది.

"నేను వినలేదు. విన్నాను, కానీ చెయ్యలేదు. ఆ మేనేజరు మీద కోపం. మూసుకుని పైకెక్కమన్నాను."

చేతికందిన గరిటెతో ఆమె మొదటి దెబ్బ భుజం మీద కొట్టింది. రెండోది చెవి మీద. కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెట్టలేదాయన. ఆ కట్టు మీదే కొట్టింది. గాజుగుడ్డ ఎర్రగా తడిసింది. పట్టకారుతో గిన్నెను లేపి నేలకేసి కొట్టింది. మరిగే నీళ్ళు ఇద్దరి పాదాల మీదా చింది బొబ్బలెక్కాయి. ఇద్దరూ కదల్లేదు.

"నీకు చెప్పాడు కదా" అంది. "నోరు తెరిచి, నీకే చెప్పాడు కదా! మరి ఆ గుడ్డి గుమాస్తాని ఎందుకు కొట్టావు? వాడి పళ్ళు రాలగొడితే నీ నోరు కడుక్కున్నట్టవుతుందా?"

ఆమె నేల మీద కూలబడి, వారం రోజులుగా రాని ఏడుపు ఏడ్చింది. ఆయన పక్కన కూర్చోబోతే, ముట్టుకోవద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

సోమవారం ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో విచారణ. బల్లకు ఒక పక్క విచారణ అధికారి, పక్కన మేనేజరు. చనిపోయినవాడి తరఫున అక్క వచ్చి గోడవార కుర్చీలో కూర్చుంది. భర్తవైపు చూడలేదు. ఇంకో గోడవార దవడకు తీగలతో గుమాస్తా. అధికారి టైపు కాగితం ముందుకు జరిపి, "చదివి వినిపించారా? సరే, ఇక్కడ సంతకం చెయ్యండి" అన్నాడు.

మేస్త్రి కలం తీసుకున్నాడు. కాగితాన్ని తిరగేశాడు. వెనక ఖాళీగా ఉంది.

"నేను రాసిస్తానయ్యా. మూడు సంగతులున్నాయి. లేబుల్ తప్పు కాదు. పేరు లేకపోవడం తప్పు. అది ఎవరు తీయించారో తెలియాలంటే స్టోరు పుస్తకంలో ఈ గుమాస్తా రాసిన కాగితాలు రెండున్నాయి, తెప్పించుకోండి. ల్యాబ్ పరీక్ష ఎవరు ఆపించారో మేడంగారిని అడగండి. మూడోది నాది."

మేనేజరు సగం లేచాడు. "మేస్త్రీ, బుర్ర ఉండే మాట్లాడుతున్నావా? అది రాస్తే మొదటి కేసు నీ మీదే పడుతుంది. గుమాస్తాని కొట్టిన కేసు వేరే. ఉన్న ఒక్క చేతికీ బేడీలు పడతాయి."

"పడనివ్వండి. ఒకరి చెయ్యి ఒకరు వదిలేసే కదండీ ఇంతదాకా వచ్చాం" అన్నాడు మేస్త్రి. గుమాస్తావైపు ఒకసారి చూసి, భార్యవైపు తిరగడానికి ధైర్యం చాలక, కాగితం మీదికి వంగాడు.

లేబుల్ సంగతి ముందు రాయవచ్చు. ల్యాబ్ సంగతి ముందు రాయవచ్చు. ఏ వకీలైనా అదే సలహా ఇస్తాడు, తన తప్పు చివర్న, చిన్న అక్షరాలతో రాసుకోమంటాడు. ఆవిరి మేస్త్రి కలం కాగితానికి ఆనించాడు. మొదటి వాక్యంగా బావమరిది ఆఖరి మాటనే రాయాలనీ, దానికింద తానిచ్చిన జవాబును ఒక్క అక్షరం మార్చకుండా రాయాలనీ నిర్ణయించుకున్నాడు.